రోడ్డు తొడుక్కున్న చెప్పులు

మా ఊరికి తారురోడ్డు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ మాట గొప్పకు చెప్పుకుంటున్నానా, తప్పు ఒప్పుకుంటున్నానా అన్నది ఇప్పటికీ నాకే తేలలేదు. చదివి మీరే తేల్చండి.

ఆరో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం కంటే, బడీ నేనూ ఒకరంటే ఒకరం విసిగిపోయి విడిపోయాం అనడం న్యాయం. అల్లరి చేస్తున్నానని సారు బెంచీ ఎక్కి నిలబడమన్నాడు. ఎక్కి, "సార్, ఈడి నుంచి కిటికీలో ఊరంతా కనపడతాండాది" అన్నాను. దిగమన్నాడు. బెంచీ ఒక్కటే కాదు, బడి మెట్లు కూడా.

తర్వాత సుగ్గికి పోయాను. మా కోసిగి వైపు వానలు ఎగ్గొట్టిన ప్రతి ఏడూ ఇళ్లకు తాళాలు పెట్టి, పిల్లా జెల్లా మూటా ముల్లెతో పని ఉన్న చోటికి పోయి, పని అయిపోయాక తిరిగి వస్తాం. దాన్నే సుగ్గి అంటాం. పత్తి తీశాను, మిరపకాయలు కోశాను, ఇటుకలు మోశాను. చివరకు ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టల మధ్య తారురోడ్డు వేసే గుంపులో చేరాను. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లు అయి ఉంటుంది. సెల్‌ఫోన్ ఉన్నవాడు దాన్ని జేబులో కాకుండా చేతిలోనే పట్టుకుని తిరిగే రోజులు.

గుంపుకు మేస్త్రీ కమలాపురం నుంచి వచ్చిన ముసలి సాయిబు. గడ్డం సగం తెలుపు, సగం తారు. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం కాళ్ల గురించి. గోనెసంచిని బెత్తెడు వెడల్పు పట్టీలుగా చించి, నీళ్లలో ముంచి, వేళ్ల నుంచి చీలమండ దాకా చుట్టుకోవాలి. చెప్పులు పనికిరావు. "చెప్పును తారు పట్టుకుంటాది బేటా. పట్టుకున్నెప్పుడు పైకి గుంజొద్దు. గుంజితే చెప్పు వారు తెగి అది రోడ్డుకే పోతాది. సీసా మూత తిప్పినట్ల మడమ తిప్పు. అదే ఇడుస్తాది" అన్నాడు.

రెండో పాఠం చెమట గురించి. "తారు తక్కువైతే కంకర లేస్తాది. ఎక్కువైతే ఎండకు రోడ్డుకు పసీనా వస్తాది. నల్లగా, జిగటగా. అప్పుడు దాని మీద మనిషి నడవలేడు."

"పసీనా వస్తే దానికి తుండుగుడ్డ ఇయ్యాల్నా తాతా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. తారు విషయంలో ఆయన ఎప్పుడూ నవ్వేవాడు కాదు.

ఆ మరుసటి చలికాలంలో మా ఊరికి రోడ్డు వచ్చింది. కంట్రాక్టరు మా గుంపునే పంపించాడు. సొంత ఊళ్లో పని, రాత్రికి సొంత కొట్టంలో పడక, అమ్మ చేతి సంగటి. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. పని మా ఊరిది కావడంలో ఉన్న చిక్కు నాకు తట్టలేదు. ఆ చిక్కు ఏమిటో చెప్పాలంటే ముందు మా ఊరి దారి గురించి చెప్పాలి.

మా పేట ఊరికి పడమటి కొన. చర్చి, కిరాణా అంగడి, బస్సు ఆగే చోటు తూర్పు కొన. నడుమ పెద్దిల్లు. పేటవాళ్లు తూర్పుకు పోవాలంటే ఆ ఇంటి అరుగు ముందు నుంచే పోవాలి. పెద్దింటివాళ్ల పశువుల కొట్టం గోడ వచ్చేసరికి మావాళ్లు వంగుతారు. చెప్పులు తీసి చేత్తో పట్టుకుంటారు. అరుగు దాటి, చేదబావి మలుపు వచ్చాక మళ్లీ వంగి తొడుక్కుంటారు. నూట యాభై అడుగులు ఉంటుందేమో.

చెప్పులు విప్పమని నా ఎరుకలో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. బోర్డు కట్టలేదు. మా అమ్మకు వాళ్లమ్మ కూడా చెప్పలేదట. ఆమె వంగింది, ఈమె చూసింది. నడక నేర్చుకున్నట్టే వంగడమూ నేర్చుకున్నాం.

పెద్దింటాయనను చెడ్డవాడని కూడా ఎవరూ అనరు. జ్వరం వస్తే మాత్ర ఇస్తాడు, పెళ్లంటే బియ్యం పంపిస్తాడు, తన చేలో శనక్కాయ పీకడానికి మమ్మల్నే పిలుస్తాడు. కాకపోతే మనిషి ఎదురైతే ఆయన చూపు మొహం మీద పడదు. మొదట కాళ్ల మీద పడుతుంది. మనిషిని కింది నుంచి పైకి చదువుతాడు.

మా వయసువాళ్లకు ఉపాయాలు ఉండేవి. కొందరు అసలు చెప్పులే కొనేవాళ్లు కాదు. కొందరు ఊరి వెనక కంపచెట్ల మధ్య నుంచి చుట్టూ తిరిగి పోయేవాళ్లు. ముళ్లు, దూరం, కానీ వంగే పని లేదు. నేను రెండో రకం. ఆ దారికి 'బైపాసు' అని పేరు కూడా పెట్టాను. పేట అంతా ఆ పేరే వాడేది. మంచి పేరు పెడితే భయం కూడా తెలివిలాగా కనపడుతుంది.

రోడ్డు పని పెద్దింటి దాకా వచ్చిన రోజు ఆయన భుజాన తువ్వాలు వేసుకుని అరుగు దిగి వచ్చాడు.

"ఏమప్పా మేస్త్రీ, మా ఇంటి ముందర రోడ్డు అద్దం మాదిరి ఉండాల. వంగి చూస్తే మొగం కనపడాల."

"మొగం కనపడాలంటే తారు శానా పొయ్యాల సామీ. ఎండాకాలం పసీనా వస్తాది."

"పసీనా నీకు వస్తాది, నాకు వస్తాది. రోడ్డుకేంది? పొయ్యమంటాండా."

కంట్రాక్టరు మనిషి ఆ పూట పెద్దింట్లోనే భోజనం చేసి వచ్చాడు కాబట్టి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. తారు పోసే చిల్లుల డబ్బా నా చేతిలో ఉంది.

"పొయ్యి బేటా. ఆయన రోడ్డు, ఆయన మొగం."

పోశాను. కొట్టం గోడ నుంచి చేదబావి మలుపు దాకా అడిగినంతా పోశాను. పైన ఇంకో డబ్బా కూడా పోశాను. చేయి జారింది అని మేస్త్రీకి చెప్పాను. చేతికి కూడా కొన్ని అభిప్రాయాలు ఉంటాయి. ఎండాకాలం రానీ, నీ అద్దంలో నీ మొహం ఎట్లా కనపడుతుందో చూద్దాం అనుకున్నాను. నా బుర్ర అంతవరకే పోయింది. ఆ తారు మీద నడిచేది ఎవరన్న దాకా పోలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. మేం పదిమంది కాళ్లకు గోనె చుట్టుకుని ఆ అరుగు ముందు రోజంతా తిరిగాం. ఆయన ఒక్క మాట అనలేదు. గోనె చెప్పు కాదు కదా. ఈ సంగతిని ఎప్పుడైనా పనికొస్తుందని బుర్రలో ఒక మూల దాచుకున్నాను.

రోడ్డు నిజంగానే అద్దంలా వచ్చింది. ఒక ఎనుము దాని మీద ఆగి కిందికి చూసి, ఎవరో అనుకుని బెదిరింది. పెద్దింటాయన రోజూ పొద్దున్నే ఆ నూట యాభై అడుగులు ఊడ్పించేవాడు. వచ్చిన చుట్టాలను మొదట రోడ్డు దగ్గర నిలబెట్టి, తర్వాత ఇంట్లోకి తీసుకుపోయేవాడు.

ఉగాది దాటింది. ఎండలు ముదిరాయి. మా వైపు ఎండ గురించి చెప్పాలంటే, నీడలో నిలబడి ఉన్నా అది వచ్చి పలకరిస్తుంది. ఊరంతా రోడ్డు బాగానే ఉంది. పెద్దింటి ముందు మాత్రం పదిన్నరకల్లా మెరుపు మొదలయ్యేది. పన్నెండుకు నల్లటి చెమట పట్టేది. ఒంటిగంటకు వేలు పెడితే వేలు దిగేది. మొదట ఒక కోడి ఇరుక్కుంది. తర్వాత పెద్దింటి పిల్లాడి కొత్త మోటారుసైకిలు. స్టాండు వేసి లోపలికి పోయి మజ్జిగ తాగి వచ్చేలోపు స్టాండు మెల్లగా కుంగిపోయి బండి పక్కకు పడుకుంది. నేను పేటలో ఈ కథను చేతులు తిప్పి, బండి ఎట్లా నిద్రపోయిందో పడుకుని మరీ చూపించాను. మూడు రోజులు అందరూ నాతోనే చెప్పించుకున్నారు.

నాలుగో రోజు ఆదివారం.

మా పాస్టరు మూడు ఊళ్లలో ప్రార్థన చేసుకుని సైకిలు మీద మా ఊరికి చేరేసరికి పన్నెండు అవుతుంది. ఎండాకాలం కూడా అంతే. మా నాన్న పోయినప్పటి నుంచి మా అమ్మ ఒక్క ఆదివారం తప్పలేదు. మోకాళ్ల నొప్పులతో బైపాసు ఆమెకు కాని పని. ఆ రోజు నేను మా కొట్టంలో పడుకుని ఉంటే, ఆమె తిరిగి వచ్చి గడప పక్క బండ మీద కూర్చుని నన్ను పిలిచింది.

"రేయ్, లేసి చూడు. నీ రోడ్డు నాకు కొత్త చెప్పులు కుట్టిండాది."

లేచి చూశాను. పాత టైరు చెప్పులు చేతిలో శుభ్రంగా ఉన్నాయి. అరికాళ్లు రెండూ నల్లగా, మందంగా, నిజంగానే అట్ట కుట్టినట్టు ఉన్నాయి.

నాకు నోరు ఆమె నుంచే వచ్చింది. ఎప్పుడైనా ఆమె ఒకటి అంటే నేను రెండు అనేవాణ్ణి. ఆ పూట మాత్రం నూనె సీసా కోసం లోపలికి పోయాను. తారు ఎట్లా తీయాలో నాకు తెలుసు. కిరసనాయిలు పెడితే మంట, శనగనూనె రాసి నానబెట్టాలి. రాశాను. నానబెట్టాను. గుడ్డతో తుడుస్తుంటే ఎడమ అరికాలికి తారుతోపాటు తోలు కూడా వచ్చింది. ఆమె పళ్లు బిగించి, మా పక్కింటి మేకను చూస్తూ కూర్చుంది. ఆ తారు ఏ డబ్బాలోంచి పడిందో నాకు తెలుసు. చేయి జారిన డబ్బా అది.

"చెప్పులు చేతిలో ఎందుకు పెట్టుకున్యావు మా?"

"మరి యాడ పెట్టుకోవాల్రా, నెత్తిన పెట్టుకోవాల్నా?"

కోసిగిలో డాక్టరు కట్టు కట్టి, నెల దాకా ఒట్టికాలు నేల మీద పెట్టొద్దన్నాడు. దారిలో బస్సులో అడిగాను.

"వచ్చే ఆదివారం ఎట్ల?"

"ఎట్లంటే ఏంది? పోతా."

"ఒట్టికాలు కింద పెట్టొద్దన్యాడు గదా. చెప్పులేసుకోని పో."

"ఆ అరుగు ముందరనా?"

"రోడ్డు సర్కారుది మా."

"రోడ్డు సర్కారుది. అరుగు వాళ్లది. శనక్కాయ చేను గూడా వాళ్లదే. పైరు పీకే నాటికి మనల్ని పిలవాల్నా వద్దా?"

"అట్లైతే ఈ ఆదివారం ఇంటికాడ్నే ప్రార్థన చేసుకో."

ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. "చర్చికి పోకుండ ఇంట్లో కూచ్చుంటే, వాళ్లు నన్ను చర్చికి గూడా పోనియ్యల్యా అన్నట్ల అవుతాది. పోతా. ఎట్ల పోతానో తెల్దు. పోతా."

ఆదివారానికి ఆరు రోజులు ఉంది. పచ్చిపుండు కాలితో ఆమె ఆ నూట యాభై అడుగులు ఎట్లా దాటుతుంది? పోసినవాణ్ణి నేను. దాటించాల్సింది కూడా నేనే.

బుధవారం నాకు ఒక ఉపాయం తట్టింది. నాకు తట్టే ఉపాయాలన్నీ మొదట నవ్వు పుట్టిస్తాయి. తర్వాత సంగతి తర్వాత. సరిగ్గా ఒంటిగంటకు, నా నీలం హవాయి చెప్పులు వేసుకుని, సంకలో గోనెపట్టీలు పెట్టుకుని, ఊరు నడుమ నుంచి బయలుదేరాను. కొట్టం గోడ వచ్చింది. వంగలేదు. గుండె మాత్రం వంగినట్టే అయింది. అరుగు మీద పెద్దింటాయన, ఆయన పక్కన పేకాడే ఇద్దరు. ఆయన చూపు అలవాటు ప్రకారం కింద పడింది.

"ఏమిరా, కాళ్లలో ఏంది?"

సరిగ్గా అరుగుకు ఎదురుగా ఆగాను. ఆగడమే ఆలస్యం, తారు రెండు చెప్పులనూ పట్టుకుంది.

"చెప్పులు సామీ. విప్పుతాండా. ఇదో, విప్పుతాండా" అని పైకి గుంజాను. గుంజకూడదని మేస్త్రీ చెప్పిన పద్ధతిలోనే గుంజాను. ఊగాను, మూలిగాను, చేతులు తిప్పాను. పేకాడేవాళ్లు ముక్కలు కింద పెట్టారు. చివరకు గోనెపట్టీలు రోడ్డు మీద పరిచి, కుడికాలు చెప్పులోంచి తీసి వాటి మీద పెట్టాను. తర్వాత ఎడమకాలు. చెప్పులు అక్కడే ఉన్నాయి, బొటనవేళ్లు అరుగు వైపుకు.

"నేను విప్పినా సామీ. మీ రోడ్డే తొడుక్కునింది."

పేకాడే ఇద్దరిలో ఒకాయన ఫక్కున నవ్వాడు. పెద్దింటాయన ఆయన వైపు చూసేసరికి దగ్గుగా మార్చుకున్నాడు.

"తీస్కపోరా వాటిని."

"తీస్కపోతా సామీ, గడ్డపార ఇప్పియ్యండి. తవ్వుకోని పోతా."

అద్దంలాంటి రోడ్డును గడ్డపారతో తవ్వనిస్తాడా? ఆయన తీయడు. ఆయన మనుషులు మా చెప్పులు ముట్టుకోరు. సాయంత్రానికి తారు గట్టిపడింది. నా చెప్పులు రాయిలో చెక్కినట్టు అరుగు వైపు చూస్తూ నిలబడిపోయాయి. మరుసటి రోజు కోసిగి సంతకు పోయేవాళ్లు కూడా ఆగి చూసి పోయారు. నేను గోనె కాళ్లతో బైపాసులో ఇంటికి వచ్చి, పేటలో పెళ్లికొడుకులా తిరిగాను.

శుక్రవారం సాయంత్రం చర్చి ఊడవడానికి పోతున్న ఇద్దరు ఆడవాళ్లను కొట్టం గోడ చాటు నుంచి చూశాను. గోడ దగ్గర ఆగారు. నా చెప్పులను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూనే వంగి, తమ చెప్పులు తీసి చేత్తో పట్టుకుని, నా చెప్పుల పక్క నుంచి ఒట్టికాళ్లతో నడిచి పోయారు.

ఇంటికి వచ్చాను. అమ్మ కాలు చాపుకుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను ఏమీ చెప్పకముందే అంది:

"నీ చెప్పులు శానా ధైర్యంగా నిలబడిండాయంట గదరా."

"మరి!"

"చెప్పులు సరే. నువ్వు యాడున్యావు? కంపచెట్లలో."

చాటలో రాయి ఒకటి దొరికితే తీసి నా వైపు విసిరింది. మెల్లగానే. అయినా తగిలింది.

ఆదివారం వచ్చింది. కాలు సగం మానింది. నా బుర్రలో మూల దాచుకున్న సంగతి బయటకు తీశాను. కొత్త గోనెసంచి చించి, నీళ్లలో ముంచి, మెత్తటి పాత చీర ముక్క లోపల పెట్టి, ఆమె కొలతకు రెండు జతల పట్టీలు తయారుచేశాను. పెద్దింటాయన గోనెను ఏమీ అనడు. కాలు కాలదు. చెప్పులు వేసుకున్నట్టు కాదు, ఒట్టికాలూ కాదు. నా జీవితంలో ఇంత మంచి ఉపాయం నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆమె పట్టీలను చేతిలోకి తీసుకుని, చీర ముక్కను వేలితో తడిమి చూసింది.

"బాగ చేసినావురా."

"కట్టమంటావా?"

"ఇవి కట్టుకుంటే కాలు కాలదు. అది నిజమే. అయితే చెప్పులుండి గోనె కట్టుకోని పోతాండానంటే, వాళ్లకు భయపడినట్లే గదా. చేత్తో పట్టుకునేదానికి, దీనికి ఏంది తేడా?" పట్టీలు నా ఒడిలో పడేసింది. "నువ్వు కట్టుకో. నీ చెప్పులు ఆడ ఉండాయి గదా."

మూలనున్న టైరు చెప్పులు తెచ్చి, కట్టు కట్టిన కాలుకు వారు వదులు చేసి తొడుక్కుంది. లేచి నిలబడింది. మా అమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. ఇంట్లో, చేలో, బస్సులో ఆమె చెప్పులేసుకుని నడవగా ఎన్నోసార్లు చూశాను. ఆ పూట మాత్రం మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

"మా, తారు పట్టుకుంటే గుంజొద్దు. మడమ తిప్పు, సీసా మూత తిప్పినట్ల."

"తిప్పుతాలే. నా ఎంటనే రా. ముందుకు రావద్దు. నోరు తెరవద్దు."

మా వెనక పేట నుంచి ముగ్గురు ఆడవాళ్లు వస్తున్నారు. కొట్టం గోడ వచ్చింది. అమ్మ నడుము తనంతట తాను వంగబోయింది. ఎన్ని ఏళ్ల అలవాటో. కుడిచేయి మోకాలి దాకా కూడా పోయింది. అక్కడ ఒక గుక్క ఆగింది. తర్వాత ఆ చేత్తోనే కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని నిటారుగా నడిచింది.

మొదటి అడుగు పడింది. తారు చెప్పును పట్టి వదిలేటప్పుడు 'పట్' మంటుంది. పట్. పట్. పట్. మామూలుగా అరుగు ముందు మావాళ్ల నడకకు చప్పుడే ఉండదు. ఆ పూట ఊరంతటికీ వినపడేలా ఉంది.

పెద్దింటాయన పేపరు దించాడు. చూపు కింద పడింది. అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మే! చెప్పులు యాడుండాయి?"

అమ్మ ఆగలేదు. తల తిప్పి ఆయన మొహం వైపు చూసింది.

"యాడుండాల్నో ఆడనే ఉండాయప్పా."

అప్పా. మా వైపు ఏ మగవాణ్ణి అయినా అట్లాగే పిలుస్తాం. అంగడాయనను, కండక్టరును, దారిన పోయేవాణ్ణి. 'ఏమప్పా, బాగుండావా' అంటాం. ఆ ఒక్క అరుగు ముందు మాత్రం మా నోళ్లలో 'సామీ' తప్ప ఇంకో మాట ఎప్పుడూ పుట్టలేదు. ఆమె కోపంగా అనలేదు. అంగట్లో ఉప్పు అడిగినట్టు అంది. దానికి జవాబు ఏమిటో ఆయనకు వాళ్ల నాయన చెప్పి ఉండడు.

నా నీలం చెప్పుల పక్కకు వచ్చేసరికి ఆమె ఎడమ చెప్పును తారు గట్టిగా పట్టుకుంది. కట్టు ఉన్న కాలు అదే. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె వెనక్కి చూడకుండానే చేయి ఊపింది, ఆగమని. చెప్పు వదిలేసి ఒట్టికాలితో పోతే పుండు తారులో పడుతుంది. అంతకంటే, ఆయన ముందు చెప్పు విడిచినట్టవుతుంది. రెండూ ఆమెకు తెలుసు, నాకు తెలుసు, అరుగు మీద ఆయనకూ తెలుసు. ఆయన తువ్వాలు చేతిలో నలుపుతూ ముందుకు వంగి చూస్తున్నాడు.

ఆమె మడమ తిప్పింది. ఎడమకు కొంచెం, కుడికి కొంచెం. తొందర లేదు. ఊరగాయ జాడీ మూత తీస్తున్నట్టు. మళ్లీ ఎడమకు. మొహంలో నొప్పి కనపడింది, చప్పుడు మాత్రం రాలేదు. తారు సాగింది, దారంలా సన్నబడింది, వదిలింది. పట్. ఇంకో అడుగు. పట్.

చేదబావి మలుపు దాకా అట్లాగే పోయింది. వెనక వచ్చిన ముగ్గురిలో ఒకామె చెప్పులు విప్పుకుంది. ఒకామె గోడ దగ్గరే నిలబడిపోయింది. మూడో ఆమె, మా మేనత్త వరస, విప్పబోయి, "థూ, కాలుతాది" అని పైకే అని, వేసుకునే వచ్చింది. ముగ్గురిలో ఒక్కరు. నాకు అది శానా ఎక్కువ అనిపించింది.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే ఈ సంగతి మరీ తియ్యగా అయిపోతుంది. ఆ ఏడు శనక్కాయ పీకడానికి పెద్దింటివాళ్లు మమ్మల్ని పిలవలేదు. మేనత్తనూ పిలవలేదు. మేం ఎప్పటికంటే ఒక నెల ముందే సుగ్గికి పోయాం. పోయేనాడు మూటలు మోసుకుంటూ ఆ అరుగు ముందు నుంచే, చెప్పులతోనే పోయాం. బైపాసులో మాత్రం పోలేదు.

ఇక ఆ ఆదివారం దగ్గరికి వస్తాను. మలుపు దగ్గర అమ్మ ఆగి, గోడకు చేయి ఆనించి ఊపిరి పీల్చుకుంది. గోనెపట్టీల కాళ్లతో ఆమె వెనక నిలబడ్డ నన్ను చూసింది, కింది నుంచి పైకి, అచ్చం పెద్దింటాయన చూసినట్టే.

"ఏంరా, నువ్వు ఎన్నాళ్లు గోనెలో తిరుగుతావు? పో. నీవి నువ్వు తొడుక్కో పో."

వెనక్కి నడిచాను. అరుగు ముందుకు వచ్చి పట్టీలు విప్పి, వాటి మీదే నిలబడి, కుడికాలు నా నీలం చెప్పులో పెట్టాను. నాలుగు రోజుల ఎండకు వారు కరకరమంది. లోపల అట్ట మండుతోంది. ఎడమకాలూ పెట్టాను. ఊగలేదు, మూలగలేదు. మడమ తిప్పాను. మెల్లగా, రెండు వైపులా. కుడిది వచ్చింది. ఎడమది కాసేపు మొరాయించి వచ్చింది. అవి నిలబడిన చోట రెండు పాదాల ఆకారంలో గుంటలు మిగిలాయి.

పెద్దింటాయన అరుగు మీదే ఉన్నాడు. ఆయనకు నా నోరు తెలుసు. ఊరందరిలాగే ఆయన కూడా ఏదో ఒకటి అంటానని చూస్తున్నాడు. అంటే తిట్టవచ్చు, లేదా నవ్వి వదిలేయవచ్చు. ఆ రెండూ ఆయనకు తేలిక.

"ఏమిరా, ఈ పొద్దు తమాషా ఏం ల్యా?"

ఆయన మొహం వైపు చూశాను.

"ఏం ల్యాదప్పా. ఊరికే నడుస్తాండా."